అమ్మేస్తే అయిపోయినట్టేనా?

పాడైన కంప్యూటర్లు, కాలిపోయిన యూపీఎస్‌లు, మూగబోయిన ఫోన్లు.. ఆఫీసు మూలన పడి ఉన్నన్నాళ్లూ అవి ఎవరికీ పట్టవు. తుక్కు బండి వచ్చి తీసుకెళ్తే 'హమ్మయ్య, చోటు కలిసొచ్చింది' అనుకుంటారు. కానీ బండి గేటు దాటినంత మాత్రాన బాధ్యత తీరిపోదంటోంది చట్టం. మరి నడికుడి లాంటి చిన్న ఊళ్లో ఆ చట్టం ఎవరికి వర్తిస్తుంది? ఎంతవరకు?

''అన్నా, ఆ మూలన డబ్బాలు ఇచ్చేస్తారా?''

''ఎప్పటివో పాత కంప్యూటర్లు. ఎంతిస్తావ్‌?''

''ఆ టీవీ లాంటి డబ్బాకు పెద్దగా ఏం రాదన్నా. లోపల పచ్చ బోర్డులుండేవాటికైతే కిలో లెక్కన ఇస్తా. అన్నీ కలిపి ఇచ్చేయండి, నేనే మోసుకుపోతా.''

జిన్నింగు మిల్లు కావచ్చు, కోల్డ్‌ స్టోరేజీ కావచ్చు, కాలేజీ ఆఫీసు కావచ్చు.. ఏడాదికోసారైనా ఇలాంటి బేరం జరగని చోటుండదు. గుమస్తా చేతిలో నాలుగు నోట్లు పడతాయి. స్టాకు రిజిస్టరులో 'తుక్కు కింద అమ్మడమైనది' అని ఒక గీత పడుతుంది. అక్కడితో ఆ కంప్యూటర్‌ కథ ముగిసిపోయిందనుకుంటారంతా.

నిజానికి అసలు కథ అప్పుడే మొదలవుతుంది!

జంక్షన్‌ ఊరు.. తుక్కుకూ జంక్షనే

గుంటూరు నుంచి సికింద్రాబాద్‌ వెళ్లే రైలు మార్గంలో, మాచర్ల లైను చీలే చోట ఉంటుంది నడికుడి. శ్రీకాళహస్తి వరకూ వేస్తున్న కొత్త రైలు మార్గం పేరు కూడా ఈ ఊరితోనే మొదలవుతుంది. పక్కనే దాచేపల్లి. అటు పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు, చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు. మిర్చి, పత్తి పండే పల్లెలు. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక నరసరావుపేట జిల్లా కేంద్రమైంది.

చిన్న ఊరే కావచ్చు, ఇక్కడ కరెంటుతో నడిచే సరంజామా తక్కువేం కాదు. రైల్వే కార్యాలయాల్లో కంప్యూటర్లు, బ్యాంకుల్లో ఏటీఎంలు, ఫ్యాక్టరీల్లో ఏసీలు, ప్రింటర్లు, కొలత పరికరాలు, బళ్లలో కంప్యూటర్‌ ల్యాబులు, ఆసుపత్రుల్లో మానిటర్లు, వీధి వీధికీ సెల్‌ రిపేరు దుకాణాలు. వీటన్నిటికీ ఒకరోజు వయసు అయిపోతుంది. ఆ రోజున అవన్నీ 'ఈ-వ్యర్థాలు'.

దేశం మొత్తమ్మీద 2021-22లో ఇలాంటి వ్యర్థాలు సుమారు 16 లక్షల టన్నులు పోగుపడ్డాయని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసింది సుమారు 5.27 లక్షల టన్నులు. అంటే మూడో వంతు. ప్రపంచం సంగతి ఇంతకన్నా గొప్పగా ఏం లేదు. 2022లో 6 కోట్ల 20 లక్షల టన్నులు పోగైతే లెక్కల్లోకి వచ్చి రీసైకిల్‌ అయింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక 2024లో చెప్పింది.

మరి మిగతాదంతా ఎక్కడికి పోతోంది?

పచ్చ బోర్డు ప్రయాణం

తుక్కు వ్యాపారి తప్పు చేయాలని చేయడు. అతనికి తెలిసింది తూకం, ధర. కంప్యూటర్లో రాగి ఉంది, అల్యూమినియం ఉంది, ఇనుము ఉంది. పచ్చ బోర్డు మీద అతి పలుచగా బంగారం పూత ఉంటుంది. గనిలో తవ్విన ఖనిజంతో పోలిస్తే, అదే బరువున్న సర్క్యూట్‌ బోర్డుల్లో పదుల రెట్లు ఎక్కువ బంగారం ఉంటుందని నిపుణులు లెక్కగడతారు. అందుకే చిన్న ఊరి తుక్కు పెద్ద ఊరికి, అక్కడి నుంచి ఢిల్లీ శివారు సీలంపూర్‌ లాంటి చోట్లకి వెతుక్కుంటూ పోతుంది.

చిక్కల్లా ఆ లోహాన్ని బయటికి తీసే పద్ధతిలో ఉంది. తీగ మీది ప్లాస్టిక్‌ తొడుగు వలవడానికి ఓపిక లేకపోతే కుప్పపోసి నిప్పు పెడతారు. రాగి మిగులుతుంది, డయాక్సిన్ల లాంటి విషాలు పొగలో కలుస్తాయి. బోర్డును యాసిడ్‌లో ముంచి బంగారం తీస్తారు. వాడేసిన యాసిడ్‌ కాలువలో పోస్తారు. ఇక పాతకాలపు పిక్చర్‌ ట్యూబు సంగతి. దాని గాజులో కిలోకు పైగా సీసం ఉంటుంది. కొనేవాడుండడు కాబట్టి పగలగొట్టి, చుట్టూ ఉన్న రాగి చుట్ట తీసుకుని, గాజును ఊరి చివర పారబోస్తారు. ట్యూబ్‌లైటు పగిలితే పాదరసం. పాత బ్యాటరీల్లో కాడ్మియం, సీసం.

అంటే పనికొచ్చేది తీసుకుని, పనికిరానిది ఊరికి వదిలేయడం!

ఆ పనికిరానిదే నేలలోకి, నీటిలోకి దిగుతుంది. నాగులేరు ఒడ్డునో, చెరువు గట్టునో ఎవరో ఒకరు తీగలు కాలిస్తే ఆ బూడిద మొదటి వానకే నీళ్లలో కలుస్తుంది. నాగులేరు పోయి కలిసేది కృష్ణలో అని ఇక్కడి వారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఆ పిల్లల రక్తం చెప్పిన నిజం

'ఆ.. నాలుగు తీగలు కాలిస్తే ఏమవుతుంది?' అనిపించొచ్చు. చైనాలోని గుయ్యూ అనే పట్టణం ఒకప్పుడు ఇలాగే మొదలైంది. ప్రపంచం పారేసిన కంప్యూటర్లను ఇళ్ల ముందే విప్పి, కాల్చి, యాసిడ్‌లో ముంచి బతికిన ఊరది. అక్కడ ఆరేళ్ల లోపు పిల్లలు 165 మందికి రక్త పరీక్షలు చేసి, ఆ ఫలితాలను 2007లో పరిశోధకులు ప్రకటించారు. దాదాపు 82 శాతం మంది రక్తంలో సీసం, డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములకు మించి ఉంది. సీసానికి 'ఇంతవరకూ ఫరవాలేదు' అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. చదువు మందగిస్తుంది. పోయిన తెలివి మందులతో తిరిగి రాదు. ఈ-వ్యర్థాల కుప్పల దగ్గర బతికే పిల్లల గురించి ఆ సంస్థ 2021లో ప్రత్యేకంగా ఒక నివేదికే విడుదల చేసింది.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో ఈ-వ్యర్థాలకంటూ విడిగా నిబంధనలు 2011లో వచ్చాయి. 2012 మే 1 నుంచి అమలయ్యాయి. వాటి స్థానంలో 2016లో కొత్తవి, మళ్లీ 2022 నవంబరులో ఇంకా కొత్తవి వచ్చాయి. 2023 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లో ఉన్నవి ఈ చివరివే. 2016లో 21 రకాల వస్తువులుంటే ఇప్పుడు 106 రకాలు. కంప్యూటర్లు, ఫోన్లు, టీవీలు, ఫ్రిజ్‌లు, ఏసీలు, ట్యూబ్‌లైట్లతో పాటు సోలార్‌ పలకలు, వైద్య పరికరాలు, కరెంటు బొమ్మలు కూడా చేరాయి.

వీటిలో మొదటి బరువు పెట్టింది వస్తువును అమ్మే కంపెనీ మీద. తన పేరుతో టీవీలో, ఫోన్లో దేశంలో అమ్మినా, విదేశాల నుంచి దిగుమతి చేసుకున్నా ఆ కంపెనీ 'ఉత్పత్తిదారు' కిందికి వస్తుంది. ఏళ్ల క్రితం తాను అమ్మిన సరుకులో ఇంత శాతం రీసైకిల్‌ అయ్యేలా చూడాల్సింది ఆ కంపెనీయే. ఆ శాతం 2023-24, 2024-25 సంవత్సరాలకు 60. తర్వాతి రెండేళ్లకు 70. 2027-28 నుంచి 80. నమోదైన రీసైక్లర్‌ ఎంత ఇనుము, రాగి, అల్యూమినియం, బంగారం వెలికితీశాడో దాన్ని బట్టి ధ్రువపత్రాలు పుడతాయి. కంపెనీ వాటిని కొని తన లెక్క చూపాలి.

ఆ ధ్రువపత్రాలకు కనీస ధర ఉండాలని 2024లో కేంద్రం నిర్ణయించింది. ఖర్చు పెరిగిపోతుందంటూ కొన్ని పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టాయి. రీసైక్లర్‌కు గిట్టుబాటు కాకపోతే సరుకంతా మళ్లీ తుక్కు కొట్టుకే పోతుందన్నది ప్రభుత్వం వైపు వాదన.

ఇదంతా కంపెనీల గొడవ. మరి ఆ వస్తువును కొని, వాడి, పాడైపోయాక వదిలించుకునే వ్యాపారి మాటేమిటి?

వెయ్యి దాటితే..

ఇక్కడే ఉంది కీలకమంతా. ఒక ఆర్థిక సంవత్సరంలో ఏ సమయంలోనైనా, జాబితాలోని వస్తువులు కనీసం వెయ్యి వాడిన సంస్థను చట్టం 'బల్క్‌ కన్స్యూమర్‌' అంటుంది. మన మాటల్లో టోకు వినియోగదారు. అలాంటి సంస్థ తన ఈ-వ్యర్థాలను నమోదైన ఉత్పత్తిదారుకో, రీసైక్లర్‌కో, బాగుచేసి మళ్లీ అమ్మే నమోదైన రిఫర్బిషర్‌కో మాత్రమే అప్పగించాలి. ఎక్కువ ధర ఇస్తానన్నాడని దారిన పోయే బండికి ఎత్తకూడదు.

'మా దగ్గర వెయ్యి కంప్యూటర్లెక్కడివి?' అని కొట్టిపారేయడానికి వీల్లేదు. లెక్క కంప్యూటర్లకే కాదు. ఒక పెద్ద ఫ్యాక్టరీలో ట్యూబ్‌లైట్లు, ఏసీలు, ఫోన్లు, ప్రింటర్లు, మానిటర్లు, కాలనీ క్వార్టర్లలో సంస్థ ఇచ్చిన వస్తువులు వరసగా రాసుకుంటూ పోతే వెయ్యి ఎప్పుడు దాటిందో తెలియకుండానే దాటొచ్చు. బ్యాంకు సంగతి మరోటి. ఊళ్లో ఉన్న శాఖలో కంప్యూటర్లు పదే ఉండొచ్చు. కానీ నిబంధన చెప్పేది సంస్థ గురించి. దేశమంతా శాఖలున్న సంస్థకు వెయ్యి ఒక లెక్కా!

అందుకే టోకు వినియోగదారు చేయాల్సిన మొదటి పని అప్పగించడం కాదు, లెక్కపెట్టడం.

వేలం వేయకూడదని చట్టం అనలేదు. ప్రభుత్వ రంగంలోని ఎంఎస్‌టీసీ వంటి సంస్థలు ఈ-వ్యర్థాలను ఆన్‌లైన్‌లో వేలం వేస్తూనే ఉన్నాయి. అయితే పాడుకునేవారు నమోదైన వారై ఉండాలి. తేడా అంతా అక్కడే.

వేలం వేసినవారిదీ బాధ్యతే

పాత వస్తువును వదిలించుకునే తొందర ఎంత ఖరీదైనదో చెప్పడానికి ఢిల్లీలోని మాయాపురి చాలు. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగంలో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న ఒక యంత్రాన్ని 2010 ఫిబ్రవరిలో తుక్కు కింద వేలం వేశారు. అందులో రేడియోధార్మిక కోబాల్ట్‌-60 ఉందన్న సంగతి కొన్నవారికి తెలియదు. మాయాపురి తుక్కు బజారులో దాన్ని విప్పదీశారు. పలువురు ఆసుపత్రి పాలయ్యారు. ఏప్రిల్‌లో ఒకరు ప్రాణాలే కోల్పోయారు. రేడియోధార్మిక పదార్థాలకు చట్టం వేరు, నిజమే. కానీ పాఠం ఒకటే. డబ్బాలో ఏముందో తెలుసుకోవాల్సింది అమ్మినవారు. ప్రాణం పోయింది తెలియనివాడికి.

ఇంకో రకం ముప్పూ ఉంది. కంప్యూటర్‌ పోయినా అందులోని హార్డ్‌ డిస్క్‌ నోరు మూసుకోదు. అమెరికాలోని మోర్గాన్‌ స్టాన్లీ సంస్థ పాత కంప్యూటర్‌ పరికరాలను వదిలించుకునే పనిని, డేటా చెరపడంలో అనుభవం లేని ఒక సామాన్ల రవాణా కంపెనీకి అప్పగించింది. ఖాతాదారుల వివరాలు ఉండగానే కొన్ని పరికరాలు ఆన్‌లైన్‌ వేలంలో తేలాయి. సుమారు కోటిన్నర మంది వివరాలకు రక్షణ లేకుండా పోయిందంటూ అక్కడి నియంత్రణ సంస్థ 2022 సెప్టెంబరులో మూడున్నర కోట్ల డాలర్ల జరిమానా వేసింది. మన దగ్గరా 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తాయి. రోగుల వివరాలున్న ఆసుపత్రి, విద్యార్థుల వివరాలున్న కాలేజీ, రైతుల ఖాతాలున్న సహకార సంఘం.. అందరూ ఆలోచించాల్సిన విషయమే.

తప్పితే ఏమవుతుంది?

నిబంధనలు తప్పితే 'పర్యావరణ పరిహారం' కట్టాలి. తప్పు చేసినవారే కాదు, తప్పుకు తోడ్పడిన సంస్థ మీదా పరిహారం వేయొచ్చు. పరిహారం కట్టేశాం కదా అని కంపెనీ బాధ్యత తీరిపోదు. మిగిలిన లక్ష్యాన్ని ఏడాదిలోగా పూర్తిచేస్తే కట్టినదాంట్లో 85 శాతం వెనక్కి వస్తుంది. రెండేళ్లయితే 60, మూడేళ్లయితే 30 శాతం. ఆ తర్వాత ఏమీ రాదు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఒకప్పుడు ఐదేళ్ల వరకూ జైలు ఉండేది. ఆ సెక్షన్‌ను సవరించి, 2024 ఏప్రిల్‌ 1 నుంచి 10 వేల రూపాయల నుంచి 15 లక్షల దాకా జరిమానాగా మార్చారు. జైలు తీసేశారని కొందరు పెదవి విరిచారు. కేసులు ఏళ్ల తరబడి నానే బదులు జరిమానా వెంటనే పడితేనే భయం ఉంటుందని మరికొందరి మాట.

వెయ్యికి ఇవతల..

ఇప్పుడు అసలు చిక్కుముడి. నడికుడిలోని మిల్లు, నర్సింగ్‌హోం, ప్రైవేటు బడి, ఇంటర్నెట్‌ సెంటరు.. వీటిలో చాలావాటికి వెయ్యి వస్తువులు ఉండవు. 2016 నిబంధనల్లో బ్యాంకులు, విద్యాసంస్థలు, కంపెనీలు, భాగస్వామ్య సంస్థలు పేరుపేరునా టోకు వినియోగదారుల్లో ఉండేవి. 2022లో వెయ్యి అనే గీత గీశాక చిన్నవన్నీ దాని ఇవతలే ఉండిపోయాయి. రిపేర్లు చేసేవారిలో 'సూక్ష్మ సంస్థ'లకు ఈ నిబంధనల నుంచి పూర్తిగా మినహాయింపే ఉంది. 2025 ఏప్రిల్‌ నుంచి యంత్రాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, ఏడాది వ్యాపారం 10 కోట్లు మించనిది సూక్ష్మ సంస్థే. సెల్‌ రిపేరు దుకాణాలు దాదాపు అన్నీ అందులోకే వస్తాయి.

మరి గీతకు ఇవతల ఉన్నవారి తుక్కు విషం కాదా? పది మిల్లులు, ఇరవై బళ్లు, వంద దుకాణాలు కలిస్తే వెయ్యి దాటదా?

ఆ ఖాళీని పూడ్చే పనిని చట్టం స్థానిక సంస్థల మీద పెట్టింది. మామూలు చెత్తలో ఈ-వ్యర్థాలు కలిసి వస్తే వేరుచేసి నమోదైన రీసైక్లర్‌కు చేర్చాల్సింది వారే. కంపెనీ పేరే తెలియని అనాథ వస్తువులనూ వారే సేకరించాలి. విడగొట్టే పనిలో ఉన్న కూలీలను గుర్తించి, నమోదు చేసి, శిక్షణ ఇప్పించే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది. 2025 ఏప్రిల్‌లో 'స్వర్ణాంధ్ర - స్వచ్ఛాంధ్ర' కార్యక్రమానికి ఆ నెల అంశంగా ఈ-వ్యర్థాలనే తీసుకున్నారు. ఏడాదిలో ఒక నెల గుర్తుచేస్తే మంచిదే. కానీ కంప్యూటర్లు ఏ నెలలోనైనా పాడవుతాయి!

తుక్కు వ్యాపారిని తరిమేయడం దీనికి మందు కాదు. గడపగడపకూ తిరిగి పాత సామాను పోగుచేయగలిగేది అతనే. ఏ పెద్ద రీసైక్లర్‌కూ ఆ ఓపిక ఉండదు. అతను పోగుచేసి, విప్పకుండా, కాల్చకుండా నమోదైన కేంద్రానికి అమ్ముకునే దారి చూపిస్తే అతని పొట్టా నిండుతుంది, ఊరూ బాగుంటుంది. నమోదైన కేంద్రంలో గాజు, బూడిద లాంటి పనికిరాని విషాలకూ ఒక లెక్కుంటుంది. విశాఖ దగ్గరి పరవాడ, హైదరాబాద్‌ శివారు దుండిగల్‌లలో ఉన్నటువంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలకు వాటిని పంపాలి. వాగులో కలపడానికి వీల్లేదు.

ఒక్క రసీదు

ఇంతకీ చిన్న వ్యాపారి ఏం చేయాలి? పెద్ద ఖర్చేం లేదు. ఒక్క రసీదు అడగాలి. 'తుక్కు - ఇన్ని కిలోలు' అని రాసిన చీటీ కాదు. ఏ వస్తువులు, ఎన్ని, ఏ నమోదిత రీసైక్లర్‌కు చేరాయో చెప్పే రసీదు. అది ఇవ్వగలిగినవాడికే సరుకు ఇవ్వాలి. కిలోకు నాలుగు రూపాయలు తగ్గొచ్చు. ఆ నాలుగు రూపాయలు మిగుల్చుకోవడానికి ఊళ్లో మరొకరి బిడ్డ రక్తంలో సీసం పోయాలా అన్నదే ప్రశ్న.

నడికుడి జంక్షన్‌లో ఏ రైలు ఎటు పోవాలో పట్టాలు మార్చేవారు నిర్ణయిస్తారు. పాత కంప్యూటర్‌ ఎటు పోవాలో నిర్ణయించేది దాన్ని గేటు దాటించేవారే. ఒక దారి రీసైక్లర్‌ దగ్గరికి, ఇంకో దారి మంట దగ్గరికి. గుమస్తా స్టాకు రిజిస్టరులో గీత కొట్టే ముందు ఒక్క క్షణం ఆగి, 'ఇది ఎటు పోతుంది?' అని అడిగితే చాలు.

వదిలించుకునే ముందు..

* సంస్థలో ఉన్న కంప్యూటర్లు, ఫోన్లు, ఏసీలు, ట్యూబ్‌లైట్లు అన్నిటినీ ఏటా ఒకసారి లెక్కపెట్టి రాసుకోవాలి. వెయ్యి దాటితే చట్టం నేరుగా వర్తిస్తుంది.

* రీసైక్లర్‌ నమోదైనవాడో కాదో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో చూసుకోవచ్చు. అనుమానముంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో అడగొచ్చు.

* యూపీఎస్‌, ఇన్వర్టర్‌ బ్యాటరీలకు 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు విడిగా ఉన్నాయి. కొత్త బ్యాటరీ కొనేటప్పుడే పాతది దుకాణదారుకు తిరిగి ఇచ్చేయడం సులువైన మార్గం.

* కంప్యూటర్‌ ఇచ్చే ముందు హార్డ్‌ డిస్క్‌లోని వివరాలు తిరిగి రాకుండా చెరిపించాలి. కుదరకపోతే డిస్క్‌ తీసి ధ్వంసం చేయించాలి. ఫైళ్లను 'డిలీట్‌' కొట్టినంత మాత్రాన పోవు.

* పిక్చర్‌ ట్యూబులు, ట్యూబ్‌లైట్లు పగలగొట్టకూడదు. పిల్లలకు అందకుండా, తడి తగలకుండా అట్టపెట్టెలో ఉంచి అలాగే అప్పగించాలి.

* కొద్దిపాటి తుక్కే ఉంటే పక్కవారితో కలవాలి. వీధిలోని పది సంస్థలు కలిసి ఒకేసారి పోగుచేస్తే రీసైక్లర్‌కు లారీ పంపడం గిట్టుబాటవుతుంది.